చెన్నై ఫ్లాట్‌లో పిల్లి వేషాలు: సమస్య, కారణం, పరిష్కారం

సమస్య: తెల్లారి నాలుగింటికి హాల్లో రన్నింగ్ రేస్. సోఫా మీంచి కర్టెన్ మీదకి, కర్టెన్ మీంచి మీ పొట్ట మీదకి, మధ్యలో గోడకేసి చూస్తూ ఒక కేక.

కారణం: దెయ్యమూ లేదు, దిష్టీ లేదు. పిల్లి తెల్లవారుజామున, సాయంత్రం చీకటి పడేప్పుడు వేటాడే జంతువు, అది దాని డ్యూటీ టైమ్. పగలంతా పడుకుని దాచుకున్న ఓపిక అప్పుడు బయటికొస్తుంది, ఫ్లాట్‌లో ఎలకలు ఉండవు కదా, దుప్పట్లోంచి బయటికొచ్చిన మీ బొటనవేలే ఎలక.

పరిష్కారం: మీరు పడుకునే ముందు పది పదిహేను నిమిషాలు తాడు కట్టిన పుల్లతో ఆడించండి, చివర్లో దాన్ని పట్టుకోనివ్వండి, ఇది చాలా ముఖ్యం, ఎందుకంటే లేజర్ లైట్‌తో మాత్రమే ఆడిస్తే పంజాకి ఏదీ చిక్కక చిరాకు పడుతుంది. పట్టుకున్నాక వెంటనే తిండి పెట్టేయండి. వేటాడటం, తినడం, ఒళ్ళు నాక్కోవడం, పడుకోవడం, దాని వరస అదే. నాలుగింటికి అరిస్తే మాత్రం లేచి గిన్నె నింపకండి, ఒక్కరోజు నింపారంటే ఇక రోజూ మీకు అలారం అక్కర్లేదు.

సమస్య: మీ కళ్ళలోకి చూస్తూ స్టీల్ గ్లాసుని మెల్లగా టేబుల్ చివరికి తోసి పడేయడం. పంజాతో తట్టి చూడటం వేటగాడి అలవాటే, కానీ గ్లాసు టంగుమనగానే మీరు పరిగెత్తుకొస్తున్నారే, అసలు మజా అక్కడుంది. పరిగెత్తకండి. ఫిల్టర్ కాఫీ డవరా మాత్రం దానికి అందనంత దూరంలో పెట్టుకోండి.

సమస్య: మే నెల్లో మనం చెమటలు కక్కుతుంటే అది వెళ్ళి వేడెక్కిన సెట్‌టాప్ బాక్స్ మీద పడుకుంటుంది. పిల్లి ఒంటికి హాయిగా ఉండేది సుమారు 30 నుంచి 38 డిగ్రీలు, అంటే మనకి ఉక్కగా ఉన్న రోజు దానికి మంచి వాతావరణం. పక్కన ఒక అట్టపెట్టె పెట్టండి, బాక్స్ వదిలేసి అందులోకి దూరే ఛాన్స్ ఎక్కువ. అయితే కుక్కలా నోరు తెరిచి ఎగరొప్పుతుంటే అది వేషం కాదు, వడదెబ్బ కావచ్చు, చల్లటి గదిలోకి తీసుకెళ్ళి డాక్టర్‌కి ఫోన్ చేయండి.

సమస్య: మీ సాక్స్ వాసన చూసి నోరు సగం తెరిచి, అసహ్యపడ్డట్టు మొహం పెట్టి అలా ఉండిపోవడం. అసహ్యం కాదు, నోటి పైభాగంలో ఉండే జాకబ్‌సన్ అవయవంతో వాసనని బాగా పట్టి చూస్తోంది. చూడనివ్వండి.

సమస్య: పీకేసిన కలుపు మొక్క వేరు పట్టుకుని పొర్లి పొర్లి చొంగ కార్చడం. అది కుప్పింటాకు అయ్యుంటుంది, ఇక్కడివాళ్ళు కుప్పైమేని అంటారు, ఖాళీ స్థలాల్లో బోలెడంత మొలుస్తుంది, దాని వేరు వాసన పిల్లులకి క్యాట్‌నిప్ (పిల్లులకి మత్తెక్కించే మొక్క) లాంటిదే. కాసేపు వాసన చూడనిచ్చి తీసేయండి, తిననివ్వకండి. బొకేల్లో వచ్చే లిల్లీ పూలు మాత్రం ఇంట్లోకే తేవద్దు, కొంచెం నమిలినా కిడ్నీలు పాడవుతాయి.

ఇక ఒక్కటుంది, నవ్వుకుని వదిలేయకూడనిది. మగపిల్లి మాటిమాటికీ ఇసుక ట్రేలో కూర్చుని, ముక్కుతూ, అరుస్తూ, చుక్క ఉచ్చ కూడా పోయట్లేదంటే మొండితనం అనుకోకండి, మూత్రనాళం మూసుకుపోయి ఉండొచ్చు, ఒకటి రెండు రోజుల్లో ప్రాణం పోతుంది. తెల్లారాక చూద్దాంలే అనుకోవద్దు, పారాసెటమాల్ అసలు వేయొద్దు, పిల్లులకి అది విషం. రాత్రి ఏ టైమైనా సరే, తెరిచున్న పశువుల ఆస్పత్రి ఏదో కనుక్కుని వెంటనే తీసుకెళ్ళండి.