యూసీకి ట్రాన్స్‌ఫర్: మేజర్ తేల్చుకోని విద్యార్థి కంప్యూటర్ సైన్స్‌లో చేరాలంటే

“ముందు అన్‌డిక్లేర్డ్‌గా లోపలికి వెళ్లిపో, తర్వాత కంప్యూటర్ సైన్స్‌కి మారిపోవచ్చు.” కాలిఫోర్నియాలో, ఫ్రీమాంట్‌లోనో శాన్ రమోన్‌లోనో ఉండే మన కుటుంబాల్లో యూసీ (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా) గురించి ఈ సలహా ఇప్పటికీ తిరుగుతోంది. అన్‌డిక్లేర్డ్ అంటే మేజర్ (డిగ్రీలో ప్రధాన సబ్జెక్టు) ఇంకా ఎంచుకోకపోవడం. ఒకప్పుడు ఇందులో కొంత నిజం ఉండేది. యూసీ బర్క్లీ క్యాంపస్‌లో లెటర్స్ అండ్ సైన్స్ కాలేజీలో చేరి, మొదటి మూడు కంప్యూటర్ సైన్స్ కోర్సుల్లో 3.3 జీపీఏ (గ్రేడ్ల సగటు) తెచ్చుకున్నవాళ్లు ఆ మేజర్ తీసుకోగలిగారు. 2023లో చేరినవాళ్ల నుంచి ఆ దారి దాదాపు మూతపడింది. ఇప్పుడు దరఖాస్తులోనే కంప్యూటర్ సైన్స్ అని రాసి, ఆ పేరుమీదే సీటు తెచ్చుకోవాలి. యూసీ శాన్ డియాగోలోనూ అది సెలెక్టివ్ మేజర్, అంటే సీట్లు పరిమితంగా ఉండే మేజర్. చేరాక మారాలంటే విడిగా దరఖాస్తు పెట్టుకోవాలి, దొరుకుతుందన్న హామీ లేదు. అందుకే కమ్యూనిటీ కాలేజీలో (డిగ్రీ మొదటి రెండేళ్ల కోర్సులు చెప్పే కాలేజీ) ఉండి ఇంకా మేజర్ తేల్చుకోని పిల్లలకు నేను చెప్పేది ఒకటే. యూసీ దరఖాస్తు తెరిచేలోపు మేజర్ తేల్చుకోండి. ట్రాన్స్‌ఫర్‌గా వచ్చేవాళ్లకు చాలాచోట్ల అన్‌డిక్లేర్డ్ అనే ఆప్షనే ఉండదు.

కారణం అర్థం చేసుకుంటే పద్ధతి అంతా తేలికవుతుంది. యూసీ ట్రాన్స్‌ఫర్ విద్యార్థిని మూడో సంవత్సరంలోకి, అంటే జూనియర్‌గా తీసుకుంటుంది. రెండేళ్లలో డిగ్రీ పూర్తి చేయించాలి కాబట్టి మేజర్‌కి కావాల్సిన పునాది కోర్సులు ముందే అయిపోయి ఉండాలని చూస్తుంది. దరఖాస్తులో ట్రాన్స్‌ఫర్ విద్యార్థులందరూ తప్పనిసరిగా జవాబు రాయాల్సిన ప్రశ్న కూడా అదే: మీరు ఎంచుకున్న మేజర్‌కి ఎలా సిద్ధమయ్యారు? మేజరే తేలనివాళ్లు ఈ 350 పదాల్లో ఏం రాస్తారు?

కనీస అర్హతలు ఇవి. వెళ్లబోయే ఫాల్ టర్మ్‌కి (వేసవి తర్వాత మొదలయ్యేది) ముందు వచ్చే స్ప్రింగ్ టర్మ్ (వేసవికి ముందు ముగిసేది) అయ్యేసరికి యూసీ ఒప్పుకునే 60 సెమిస్టర్ యూనిట్లు, అంటే కోర్సుల క్రెడిట్లు (క్వార్టర్ లెక్కన 90) పూర్తవ్వాలి. ఇంగ్లిష్ కంపోజిషన్ కోర్సులు రెండు, గణితం ఒకటి, మిగతా విషయాల్లో నాలుగు, మొత్తం ఏడు కోర్సులు సీ గ్రేడ్‌కి తగ్గకుండా ఉండాలి. కాలిఫోర్నియా నివాసులకు 2.4 జీపీఏ, ఇతరులకు 2.8. ఈ అంకెలు చూసి ధైర్యపడకండి. ఇవి దరఖాస్తు పెట్టడానికి మాత్రమే సరిపోతాయి, కంప్యూటర్ సైన్స్ సీటు ఈ స్థాయిలో రాదు. ఆఖరి వేసవిలో మిగిలినవి పూర్తిచేస్తాననే ప్లాన్ కూడా పనికిరాదు. ఫాల్‌కి వెళ్లేవాళ్లకు స్ప్రింగ్‌తోనే లెక్క ముగుస్తుంది.

అసలు పని అసిస్ట్ డాట్ ఆర్గ్ అనే వెబ్‌సైట్‌లో ఉంది. మీ కాలేజీ పేరు (డి ఆంజా, ఓలోనీ, డయాబ్లో వ్యాలీ, ఏదైనా సరే), వెళ్లాలనుకున్న క్యాంపస్, మేజర్ ఎంచుకుంటే అక్కడి ఏ కోర్సుకి ఇక్కడి ఏ కోర్సు సమానమో పక్కపక్కనే చూపిస్తుంది. కంప్యూటర్ సైన్స్‌కి సాధారణంగా కాల్క్యులస్ వరుస, లీనియర్ ఆల్జీబ్రా, డిస్క్రీట్ మ్యాథ్, ప్రోగ్రామింగ్, డేటా స్ట్రక్చర్స్ కనిపిస్తాయి. కానీ క్యాంపస్ క్యాంపస్‌కీ తేడా ఉంటుంది. నాలుగైదు క్యాంపస్‌ల పేజీలు పక్కన పెట్టుకుని, అన్నింటికీ పనికొచ్చే కోర్సులు ముందు తీసుకోండి. కాల్క్యులస్, ప్రోగ్రామింగ్ కోర్సులు ఒకదాని తర్వాత ఒకటిగా తీసుకోవాల్సినవి. మొదటి సెమిస్టర్‌లో మొదలుపెట్టకపోతే రెండేళ్లలో వరుస పూర్తికాదు. మేజర్ తేలకపోయినా ఈ రెండూ మొదలుపెట్టేయమని గట్టిగా చెబుతాను. తర్వాత స్టాటిస్టిక్స్‌కో ఎకనామిక్స్‌కో మనసు మళ్లినా కాల్క్యులస్ వృథా కాదు. జనరల్ ఎడ్యుకేషన్ కోర్సులు అన్నీ ముందు పూర్తిచేసి, మేజర్ కోర్సులు చివరికి మిగుల్చుకున్న పిల్లలే ఎక్కువ ఇబ్బంది పడతారు.

ఇక తేదీలు. దరఖాస్తు ఆగస్టు 1న తెరుచుకుంటుంది. సమర్పించేది అక్టోబర్ 1 నుంచి. గడువు నవంబర్ 30, అది వారాంతంలో పడినప్పుడు 2024లో డిసెంబర్ 2 దాకా, 2025లో డిసెంబర్ 1 దాకా ఇచ్చారు. ఒకే దరఖాస్తుతో ఎన్ని క్యాంపస్‌లకైనా పెట్టుకోవచ్చు. ఫీజు ఒక్కో క్యాంపస్‌కి 80 డాలర్లు, అంతర్జాతీయ విద్యార్థులకు 95. తప్పనిసరి ప్రశ్న కాక మరో ఏడింటిలో మూడింటికి జవాబు రాయాలి. సిఫార్సు లేఖలు, శాట్ స్కోర్లు అక్కర్లేదు.

దీనికంటే ముందు, సెప్టెంబర్ నెలలో, ట్యాగ్ అనే ప్రవేశ హామీకి దరఖాస్తు ఉంటుంది. డేవిస్, అర్వైన్, మెర్సెడ్, రివర్‌సైడ్, శాంటా బార్బరా, శాంటా క్రూజ్, ఈ ఆరింటిలో ఒక్కదానికే పెట్టాలి. బర్క్లీ, యూసీఎల్ఏ, శాన్ డియాగో ఇందులో లేవు. శాంటా బార్బరాలో కంప్యూటర్ సైన్స్ ఉండే ఇంజినీరింగ్ కాలేజీకి ట్యాగ్ వర్తించదు. మిగతా క్యాంపస్‌లలో మీ మేజర్‌కి ఉందో లేదో ఆ ఏడాది పట్టికలో చూసుకోవాలి. ట్యాగ్ వచ్చినా మామూలు దరఖాస్తు మళ్లీ పెట్టాల్సిందే.

దరఖాస్తులో గ్రేడ్లు మీరే ఎక్కిస్తారు. ఇక్కడ నిజాయితీ, ఓపిక రెండూ కావాలి. హైస్కూల్లో ఉండగా కమ్యూనిటీ కాలేజీలో తీసుకున్న ఒక్క క్లాసైనా, మధ్యలో వదిలేసిందైనా, ఇండియాలో కొన్నాళ్లు చదివిన ఇంజినీరింగ్ అయినా, ఏదీ దాచకూడదు. తర్వాత బయటపడితే వచ్చిన సీటు రద్దు చేయవచ్చు. ఇండియా మార్కులను జీపీఏలోకి మార్చకుండా మెమోలో ఉన్నట్టే రాయాలి. ఫాల్ గ్రేడ్లు, స్ప్రింగ్ కోర్సుల వివరాలతో జనవరి 31లోపు అకడమిక్ అప్‌డేట్ ఇవ్వడం చాలామంది మర్చిపోతారు. ఫాల్‌లో మంచి గ్రేడ్లు తెచ్చుకున్నవాళ్లకు ఇది చాలా విలువైన అవకాశం.

ఆల్టర్నేట్ మేజర్ (మొదటిది రాకపోతే రెండో ఎంపిక) అడిగిన చోట మళ్లీ కంప్యూటర్ ఇంజినీరింగ్ లాంటి కిక్కిరిసిన మేజరే రాయకండి. నిజంగా రెండేళ్లు ఇష్టంగా చదవగలిగింది రాయండి. ఆ సీటే వస్తే తర్వాత మారదామనే లెక్కతో ఒప్పుకోవద్దు.

ఇప్పటికే నాలుగేళ్ల యూనివర్సిటీలో అన్‌డిక్లేర్డ్‌గా ఉన్నవాళ్లకు దారి ఇంకొంచెం ఇరుకు. ట్రాన్స్‌ఫర్ సీట్లలో కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీ విద్యార్థులకే మొదటి ప్రాధాన్యం. యూనిట్లు మరీ పెరిగి సీనియర్ స్థాయికి చేరితే కొన్ని క్యాంపస్‌లు తీసుకోవు. రెండో ఏడాదిలోనే కదలాలి.

ఫలితాలు ఏప్రిల్ చివరికల్లా వస్తాయి. జూన్ 1లోపు ఒక క్యాంపస్‌కి ఒప్పుకోలు తెలపాలి. అధికారిక ట్రాన్‌స్క్రిప్టులు జూలై 1కి చేరాలి. ఒప్పుకున్నాక నివాస ధ్రువీకరణ ఫారం నింపాలి. మన ఇళ్లలో టెన్షన్ ఎక్కువగా ఉండేది దీని దగ్గరే. హెచ్4 (హెచ్1బీ ఉద్యోగుల కుటుంబ సభ్యుల వీసా) మీద ఉన్నవాళ్లు మిగతా షరతులు కుదిరితే కాలిఫోర్నియా నివాసులుగా ఫీజు కట్టవచ్చు, ఎఫ్1 (విద్యార్థి వీసా) మీద ఉన్నవాళ్లకు ఆ వీలు లేదు. తేడా ఏడాదికి 37 వేల డాలర్ల పైనే. 21 ఏళ్లు నిండబోతూ వీసా మారాల్సిన పిల్లలున్నవాళ్లు సీటు వచ్చేదాకా ఆగకుండా, దరఖాస్తు పెట్టే ఫాల్‌లోనే ఇమిగ్రేషన్ లాయర్‌తో, క్యాంపస్ రెసిడెన్సీ ఆఫీసుతో మాట్లాడుకోవాలి.