అనంతపురం నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు విమాన దూరం, ప్రయాణ సమయం లెక్కించడం ఎలా?

అమెరికాలోని పిల్లల దగ్గరకు వెళ్ళే పెద్దలు చాలామంది టికెట్ మీది బయలుదేరే వేళను, చేరే వేళను తీసివేసి చూసి, ఇంత తక్కువ సేపట్లో ఎలా చేరతామని తికమకపడుతుంటారు. ఆ తీసివేతతో ప్రయాణ సమయం తేలదు. అనంతపురం వారు విమానం ఎక్కేది బెంగళూరులో కాబట్టి, లెక్కను అక్కడి నుంచి ఉన్న దూరంతో మొదలుపెట్టాలి.

కంప్యూటర్‌లో గూగుల్ మ్యాప్స్ తెరిచి, దేవనహళ్ళిలోని బెంగళూరు విమానాశ్రయం మీద మౌస్ కుడి బటన్ నొక్కి, దూరం కొలిచే సదుపాయాన్ని ఎంచుకొని, తరువాత శాన్‌ఫ్రాన్సిస్కో విమానాశ్రయం మీద నొక్కండి. సుమారు 13,990 కిలోమీటర్లు వస్తుంది. గోడ మీది పటంలో స్కేలు పెట్టి కొలిస్తే మాత్రం మోసపోతాము. భూమి గుండ్రంగా ఉన్నందున అతి దగ్గరి దారి ఉత్తర ధ్రువ ప్రాంతం మీదుగా సాగుతుంది. 2021 జనవరిలో శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి ఆగకుండా బెంగళూరు వచ్చిన ఎయిర్ ఇండియా తొలి విమానం ఆ దారినే ఎంచుకుంది.

ఇప్పుడు దూరాన్ని గంటకు 900 కిలోమీటర్ల వేగంతో భాగించండి. పదిహేనున్నర గంటలు వస్తుంది. విమానం రన్‌వే వరకు నేల మీద వెళ్ళడానికి, పైకి లేవడానికి, కిందికి దిగడానికి మరో అరగంటకు పైగా కలపాలి.

అసలు చిక్కు గాలితోనే. చాలా ఎత్తున పడమటి నుంచి తూర్పుకు బలమైన గాలులు వీస్తుంటాయి కాబట్టి, దగ్గరి దారే త్వరగా చేర్చే దారి కావాలని లేదు. 2016 అక్టోబరులో ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు ఎయిర్ ఇండియా విమానం అట్లాంటిక్ వదిలి పసిఫిక్ మీదుగా 15,300 కిలోమీటర్లు ఎగిరింది. దారి దాదాపు 1,400 కిలోమీటర్లు పెరిగినా, గాలి తోడై సుమారు పద్నాలుగున్నర గంటల్లోనే చేరింది. అందువల్ల మీ లెక్కకు అటూ ఇటూ ఒక గంట వెసులుబాటు ఉంచుకోవడం మంచిది.

ఇక గడియారం సంగతి. శాన్‌ఫ్రాన్సిస్కో సమయం మనకంటే చలికాలంలో పదమూడున్నర గంటలు వెనుక ఉంటుంది. మార్చి రెండవ ఆదివారం నుంచి నవంబరు మొదటి ఆదివారం వరకు పన్నెండున్నర గంటలే. జనవరిలో శనివారం మధ్యాహ్నం 2 గంటలకు బెంగళూరులో ఎక్కి పదహారున్నర గంటలు ఎగిరితే, అక్కడ అదే శనివారం సాయంత్రం 5 గంటలవుతుంది. తిరుగు ప్రయాణంలో శనివారం రాత్రి 8 గంటలకు బయలుదేరి పదిహేడున్నర గంటలు ఎగిరిన వారు సోమవారం తెల్లవారుజామున 3 గంటలకు దిగుతారు. ఎదురు వచ్చే బంధువులకు వారాన్ని, తేదీని రెండింటినీ చెప్పండి. ఆదివారం వచ్చి నిలబడేవారు లేకపోలేదు.

చివరగా నేల మీది గంటలు. అనంతపురం నుంచి దేవనహళ్ళికి 44వ నంబరు జాతీయ రహదారి మీద సుమారు 180 కిలోమీటర్లు. విమానాశ్రయం నగరానికి ఇవతలే ఉన్నందున బెంగళూరు ట్రాఫిక్‌లోకి వెళ్ళనక్కరలేదు. పదహారున్నర గంటల విమాన ప్రయాణానికి కారుకు మూడున్నర గంటలు, విమానాశ్రయంలో ముందుగా ఉండవలసిన మూడు గంటలు, అవతల ఇమ్మిగ్రేషన్‌కు, సామాన్లకు గంటన్నర కలిపితే ఇంటి గడప దాటినప్పటి నుంచి దాదాపు ఇరవై నాలుగున్నర గంటలు. దుబాయ్ మీదుగా వెళ్తే విమాన దూరమే దాదాపు 15,700 కిలోమీటర్లవుతుంది, అక్కడ వేచి ఉండే సమయం దానికి అదనం.