ఇంట్లో ఫొటో తీసేటప్పుడు ఫ్లాష్‌నీ బల్బునీ ఎలా కలపాలి

మొన్న బ్రాడీపేటలో మా అమ్మమ్మని పడక్కుర్చీలో కూర్చోబెట్టి ఫొటో తీశా, ఫ్లాష్ నేరుగా కొడితే మొహం తెల్లగా పాలిపోయి వెనక గోడంతా పసుపు ముద్దలా వచ్చింది. కారణం ఏంటంటే పసుపు బల్బు 2700 కెల్విన్ (వెలుగు రంగుని కొలిచే లెక్క) దగ్గర ఉంటుంది, ఫ్లాష్ 5500 దగ్గర, రెండూ కలవవు.

అందుకే ముందు ఫ్లాష్ ఆపేసి గది వెలుగు ఒక్కటే చూసుకోండి. ఐఎస్ఓ (కెమెరా వెలుగుని పట్టే సున్నితత్వం) 800, ఎఫ్ (లెన్స్ కన్నం సైజు) 2.8, షట్టర్ (వెలుగు లోపలికొచ్చే సమయం) 1/50 సెకను పెట్టి, గది కాస్త డల్‌గా కనపడేలా సెట్ చేస్తే చాలు. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి 1/50 గానీ 1/100 గానీ పెడితే ఎల్ఈడీ లైట్ల మినుకు వల్ల ఫొటోలో వచ్చే చారలు దాదాపు పడవు.

తర్వాత ఫ్లాష్‌కి ఆరెంజ్ జెల్ షీట్ (ఫ్లాష్ వెలుగుని బల్బు రంగులోకి మార్చే పల్చటి రంగు ప్లాస్టిక్) అతికించి, కెమెరాలో వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెల్లగా కనపడేలా రంగు సరిచేసే సెట్టింగ్) 3200 కెల్విన్ పెట్టి, ఫ్లాష్ తల తెల్ల సీలింగ్ వైపు తిప్పి, ఫ్లాష్ పవర్ 1/16 (పూర్తి పవర్‌లో పదహారో వంతు) నుంచి కొంచెం కొంచెం పెంచుకుంటూ పోండి. ఆకుపచ్చ గోడకి మాత్రం కొట్టొద్దు, ఆ రంగంతా మొహం మీదకొచ్చేస్తుంది!

షట్టర్ మారిస్తే గది వెలుగు మారుతుంది, మొహం మీద ఫ్లాష్ వెలుగు మారదు, ఇదొక్కటి చేతికి అలవాటైతే మిగతాదంతా తేలికే. ట్యూబ్‌లైట్ వెలుగుతుంటే ఆపేయండి, మూడో రంగు తోడైతే సరిచేయడం చాలా కష్టం.

అమ్మమ్మ ముక్కుపుడక మెరుపు అలా తీసిన నాలుగో షాట్‌లో వచ్చింది.