పచ్చళ్ళు అమ్మేవాళ్ళు పోస్టులో ఏం రాయాలి

ఇంట్లో పచ్చళ్ళు, పొడులు చేసి వాట్సాప్‌లోనో ఇన్‌స్టాగ్రామ్‌లోనో అమ్మేవాళ్ళ పేజీలు వరసగా ఓ పది తెరిచి చూడండి. అమ్మ చేతి కమ్మదనం, అమ్మమ్మ కాలం నాటి రుచి, నోరూరించే ఆవకాయ, అన్నిట్లోనూ ఇవే మాటలు. అబద్ధమని కాదు, అందరూ అదే రాస్తే మీ సీసాకీ పక్కవాళ్ళ సీసాకీ తేడా ఏంటో కొనేవాళ్ళకి తెలియదు. పైగా కింద 'ధర కోసం మెసేజ్ చేయండి' అని ఒకటి. దయచేసి అది మానేయండి. అడగడానికి మొహమాటపడి వెళ్ళిపోయేవాళ్ళు చాలామంది ఉంటారు, అడిగినవాళ్ళందరికీ విడివిడిగా జవాబు చెప్పేసరికి మీకు పచ్చడి కలిపే టైమ్ ఉండదు.

ఏం రాయాలో తోచకపోతే మీ వాట్సాప్ చాట్లే వెనక్కి వెళ్ళి చదవండి. డబ్బులు పంపేముందు మనుషులు ఏం అడిగారో ఒక పుస్తకంలో రాసుకోండి. ఏ నూనె వాడారు, వెల్లుల్లి వేశారా, ముక్కకి టెంక ఉంటుందా, కారం పిల్లలు తినేలా ఉంటుందా, ఎన్నాళ్ళు నిలవుంటుంది, మా అబ్బాయి అమెరికా వెళ్తున్నాడు సీసాలో కాకుండా ప్యాకెట్‌లో సీల్ చేసి ఇస్తారా. మీరు రాయాల్సిన పోస్టులు ఇవే, ప్రశ్నకొకటి. ఎవరో ఒకరు అడిగారంటే అడగకుండా ఊరుకున్నవాళ్ళకీ అదే సందేహం ఉందని లెక్క.

ఉదాహరణకి ఆవకాయ పోస్టు ఇలా రాయొచ్చు, అంకెలు, వివరాలు మీవి వేసుకోండి: "ఆవకాయ అరకిలో 350, కిలో 650, కొరియర్ ఖర్చు వేరు. కొత్తపల్లి కొబ్బరి రకం మామిడికాయ, టెంకతో కొట్టిన ముక్క, గుంటూరు కారం, నువ్వుల నూనె. వెల్లుల్లి వేసింది, వేయనిది రెండూ ఉన్నాయి. ఈ నెల 4న కలిపాం, మూడో రోజు తిరగగలిపి సీసాల్లో పెట్టాం. పార్సిళ్ళు సోమ, గురువారాల్లో వెళ్తాయి." ఇందులో ఒక్క పొగడ్త కూడా లేదు, కానీ ఆవకాయ తెలిసినవాళ్ళకి నోట్లో నీళ్ళూరడానికి టెంక, నువ్వుల నూనె, తిరగగలపడం అనే మాటలు చాలు. ఇన్‌స్టాగ్రామ్‌లో మొదటి ఒకటి రెండు లైన్లే కనిపిస్తాయి, మిగతాది నొక్కితేనే తెరుచుకుంటుంది, అందుకే సరుకు పేరు, ధర ముందే ఉండాలి. పచ్చడి పేరు ఒకసారి ఇంగ్లీషు అక్షరాల్లో కూడా రాయండి, చాలామంది అలానే వెతుకుతారు.

రాయడం అలవాటు లేదు అంటారా, ఫోన్ కీబోర్డులో మైక్ నొక్కి, ఎదురుగా కస్టమర్ ఉన్నట్టు తెలుగులో చెప్పండి, అదే టైప్ అవుతుంది. తప్పులు దిద్దుకుంటే సరిపోతుంది. అలా వచ్చిన మాటలు పుస్తక భాషలో కష్టపడి రాసినవాటికంటే ఎప్పుడూ బాగుంటాయి.

ఫోటోలు, వీడియోల గురించి ఎక్కువ చెప్పను. కెమెరా లెన్స్ తుడవండి, కిటికీ దగ్గర వెలుగులో తీయండి, గూగుల్‌లో దొరికిన ఫోటో మాత్రం పెట్టకండి. కాయ కొడుతున్న చప్పుడు, మూడో రోజుకి పైన తేలిన నూనె, ఇలాంటివి పాట తగిలించకుండా అలాగే పెట్టండి. పండగకి మీ లోగో వేసిన శుభాకాంక్షల బొమ్మ ఎవరూ ఆగి చూడరు, దాని బదులు ఉగాదికి 'కొత్తావకాయ ఆర్డర్లు ఫలానా రోజు నుంచి' అని పెట్టండి.

వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్‌లో, అంటే ఒకే మెసేజ్ చాలామందికి విడివిడిగా పంపే పద్ధతిలో, ఒక లిస్టుకి 256 మంది దాకా పెట్టొచ్చు, కానీ మీ నంబర్ సేవ్ చేసుకున్నవాళ్ళకే మెసేజ్ వెళ్తుంది. చాలామందికి ఇది తెలియక మెసేజ్‌లు ఎవరూ చూడట్లేదని బాధపడుతుంటారు. ప్రతి పార్సిల్‌లో ఒక చీటీ పెట్టి, కొత్త పచ్చళ్ళు వచ్చినప్పుడు తెలియాలంటే ఈ నంబర్ సేవ్ చేసుకోండి అని రాయండి. రోజూ పంపకండి, విసుగొచ్చి బ్లాక్ చేస్తే ఆ కస్టమర్ మళ్ళీ దొరకడం కష్టం.

ప్రిజర్వేటివ్స్ లేవు అని రాస్తే నిజంగా ఉండకూడదు. షుగర్ తగ్గుతుంది, మోకాళ్ళ నొప్పులు పోతాయి లాంటివి అసలు రాయొద్దు. 2006 నాటి ఆహార భద్రత చట్టంలో తప్పుదోవ పట్టించే ప్రకటనకి 10 లక్షల రూపాయల దాకా జరిమానా ఉంది. ఆహార భద్రత చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఇచ్చే 14 అంకెల నంబర్ లేబుల్ మీద ఎలాగూ ఉండాలి, పేజీలో పరిచయం రాసే చోట కూడా పెట్టండి, కొత్తవాళ్ళకి ధైర్యంగా ఉంటుంది.

అన్నిటికంటే జాగ్రత్తగా రాయాల్సింది జవాబులు. 2025 ఏప్రిల్‌లో పచ్చళ్ళ ధర ఎక్కువగా ఉందన్న కస్టమర్‌కి ఓ పచ్చళ్ళ వ్యాపారం నుంచి బూతులతో వెళ్ళిన వాయిస్ మెసేజ్ ఎంత రచ్చ అయిందో మీకు గుర్తుండే ఉంటుంది. రేటు ఎక్కువ అన్నవాళ్ళ మీద కోపం తెచ్చుకోకండి, లెక్క చెప్పండి: "మేం వాడే నూనె, కారం వల్ల ఆ ధర అవుతోందండీ, కావాలంటే పావుకిలో తీసుకుని రుచి చూడండి." అంతే, అక్కడితో ఆపేయండి. సీసా పగిలి వచ్చిందంటే ముందు అడ్రసు తీసుకుని, మళ్ళీ ఏ రోజు పంపుతారో చెప్పండి, కొరియర్ వాళ్ళ మీద ఫిర్యాదు మీరూ వాళ్ళూ చూసుకోవాల్సింది. పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తీస్తేనే డబ్బు వాపస్ అనే రూల్ మీకుంటే ఆర్డర్ తీసుకునేటప్పుడే చెప్పాలి, సీసా పగిలాక చెబితే ఎవరికైనా ఒళ్ళు మండుతుంది. ఒళ్ళంతా అలసిపోయి ఉన్న రాత్రి పదకొండింటికి అసలు జవాబు ఇవ్వొద్దు, వాట్సాప్ బిజినెస్‌లో ఆటోమేటిక్ మెసేజ్ పెట్టే వీలుంది, 'పొద్దున 9 తర్వాత చూసి చెబుతాం' అని అదే పంపుతుంది.

బాగుందని ఎవరైనా మెసేజ్ పెడితే స్క్రీన్‌షాట్ స్టేటస్‌లో పెట్టేముందు వాళ్ళని ఒక మాట అడగండి, పేరు, ఫోన్ నంబర్, ప్రొఫైల్ ఫోటో కనబడకుండా చెరిపేయండి.