ఎల్లోస్టోన్‌లో వేసవి ఉద్యోగంలో చేరే ముందు పాటించవలసిన జాగ్రత్తలు

అమెరికాలోని ఎల్లోస్టోన్ జాతీయ ఉద్యానవనంలో వేసవికి హోటల్ పనికి కుదిరినవారు నియామక పత్రాన్ని ఆసాంతం చదివి, గంటకు జీతమెంతో, అందులో వసతికీ భోజనానికీ ఎంత కోత పడుతుందో, ఒప్పందం ఏ తేదీన ముగుస్తుందో ముందే రాసిపెట్టుకోవాలి. ఎఫ్-1 వీసాపై అక్కడ చదువుకుంటున్న మన విద్యార్థులు తగిన అనుమతి లేకుండా ఇటువంటి పనిలో చేరకూడదు. లెక్కల్లో చూపకుండా జీతం నగదుగా చేతికే ఇస్తామనే మాట నమ్మి చేరడం మరీ ప్రమాదం.

ఉద్యానవనంలో అధిక భాగం 7,500 అడుగులకు పైన ఉన్నందున నడివేసవిలోనూ మంచు కురవవచ్చు. ఉన్ని దుస్తులు తప్పనిసరి. గదులు సర్దినా, గిన్నెలు కడిగినా రోజంతా నిలబడే చేయాలి కనుక, జారని బూట్లు ముందే కొని తొడిగి అలవాటు చేసుకోవాలి. ఫోన్ సిగ్నల్ చాలాచోట్ల అందదని ఇంట్లో చెప్పి వెళ్లడం మంచిది.

జంతువుల విషయంలో అలసత్వం అసలు పనికిరాదు. ఎలుగుబంట్లకు, తోడేళ్లకు కనీసం 100 గజాలు, బైసన్‌కు (అమెరికా అడవిదున్నకు) 25 గజాలు ఎడంగా ఉండాలన్నది అక్కడి నిబంధన. బైసన్ చెరువుగట్టు గేదెలా నిదానంగా మేస్తున్నట్లు కనిపించినా, గంటకు 50 కిలోమీటర్లకు మించిన వేగంతో మీదికి రాగలదు. మీదికొచ్చే ఎలుగుబంటిపై చల్లి తరిమే ఘాటైన కారపు మందును (ఎలుగుబంటి స్ప్రేను) విమానంలో అనుమతించరు కాబట్టి అక్కడికి చేరాకే కొని, సంచి అడుగున కాక నడుముకు తగిలించుకోవాలి.

సెలవు రోజున వేడినీటి బుగ్గలను చూడబోయేవారు చెక్కబాట దిగరాదు. పక్కనున్న నేల గట్టిగా కనిపించినా పైపొర పలుచన, దాని కింద సలసల కాగే నీరు ఉంటుంది.