రాయలసీమలో సోషియాలజీ చదవడం: కాలేజీ నుంచి ఉద్యోగం దాకా

డిగ్రీలో సోషియాలజీ (సమాజశాస్త్రం) తీసుకోవాలా వద్దా అని ఊగిసలాడే విద్యార్థి, ఆ విద్యార్థి కంటే ముందుగా తల్లిదండ్రులు, అడిగే ప్రశ్న ఉద్యోగం గురించే. ఆ ప్రశ్నకు జవాబు చదివే తీరును బట్టి ఉంటుంది. గైడు చూసి సిద్ధాంతాలను వల్లించినవారికి ఈ పట్టా పెద్దగా అక్కరకు రాదు. ఊళ్లోకి వెళ్లి అడగడం, విన్నది రాసుకోవడం, రాసుకున్నదాన్ని పట్టికగా మార్చి దాని అర్థం చెప్పడం నేర్చినవారి చేతిలో మాత్రం పనికొచ్చే విద్య ఉంటుంది.

ఆంధ్రప్రదేశ్‌లో 2023-24 నుంచి డిగ్రీలో సింగిల్ మేజర్ విధానం వచ్చింది కాబట్టి, ఎంచుకున్న ఒక్క సబ్జెక్టే చదువులో ప్రధాన భాగమవుతుంది. సోషియాలజీ మేజర్ అన్ని కాలేజీల్లోనూ ఉండదు. ఉన్నచోట కూడా ఆ సబ్జెక్టుకు రెగ్యులర్ అధ్యాపకులు ఉన్నారో లేదో చేరే ముందే కనుక్కోండి. మైనర్‌గా, అంటే రెండో సబ్జెక్టుగా, ఎకనామిక్స్ గాని, దొరికితే స్టాటిస్టిక్స్ గాని తీసుకోవడం మేలు. మీకు దగ్గరలో ఈ మేజర్ లేకపోతే దిగులు పడనక్కర్లేదు. హిస్టరీయో పొలిటికల్ సైన్సో చదివి, పీజీసెట్ అనే రాష్ట్ర ప్రవేశ పరీక్ష ద్వారా ఎం.ఏ. సోషియాలజీకి రావచ్చు, అర్హతలు మాత్రం ఆ ఏటి నోటిఫికేషన్‌లో సరిచూసుకోవాలి. అనంతపురంలో 1981లో ఏర్పడిన శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంలో ఈ విభాగం ఉంది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ వంటి చోట్లకు సీయూఈటీ-పీజీ అనే జాతీయ ప్రవేశ పరీక్ష రాయాలి.

సిద్ధాంతం చదివేటప్పుడు ప్రతి ఆలోచనకూ మీ మండలం నుంచి ఒక ఉదాహరణ వెతకండి. ఫ్రెంచి సమాజశాస్త్రవేత్త డర్క్‌హైమ్ 1897లో ఆత్మహత్యల గురించి రాసినప్పుడు ఒక్కొక్కరి మనోవేదనను పక్కనపెట్టి, ఏ సమూహంలో రేటు ఎక్కువ, ఎందుకు ఎక్కువ అని అడిగాడు. వేరుశనగ ఎండిపోయే అనంతపురం పల్లెల్లో అదే ప్రశ్న వేస్తే, భూమి సొంతమా కౌలా, బోర్లు ఎన్ని వేశారు, అప్పు బ్యాంకుదా వడ్డీ వ్యాపారిదా అన్న వివరాలు ఒకదాని వెంట ఒకటి అవసరమవుతాయి. కౌలు కాగితం లేని రైతుకు బ్యాంకు రుణం అందడం ఎందుకు కష్టమో అర్థమైతే, సామాజిక నిర్మాణం అన్న పాఠం సగం అర్థమైనట్టే.

అసలు చదువు క్షేత్రపరిశీలనలో ఉంది. ప్రాజెక్టుకు ‘గ్రామీణ పేదరికం’ అని పెద్ద పేరు పెట్టకుండా ఒక చిన్న ప్రశ్నను పట్టుకోండి. కర్నూలు జిల్లా పడమటి మండలాలైన కోసిగి, కౌతాళం, మంత్రాలయం నుంచి కుటుంబాలు సుగ్గికి, అంటే గుంటూరు వైపు మిరపకోతల వంటి పనులకు, వలస వెళ్తాయి. ఒక్క కాలనీని తీసుకుని ఎవరు వెళ్లారు, ఎవరు ఆగిపోయారు, అడ్వాన్సు ఎవరిచ్చారు, వెళ్లినవారి పిల్లల బడి హాజరు ఏ నెలలో ఎంత పడిపోయింది అని చూస్తే చాలు. కడప వైపు వారైతే రాయచోటి, రాజంపేట ప్రాంతాల నుంచి గల్ఫ్‌కు వెళ్లిన స్త్రీల ఇళ్లలో వంట, పిల్లల పెంపకం ఎవరిమీద పడ్డాయో పరిశీలించవచ్చు.

మొదటిరోజే కులం, అప్పు గురించి అడగకండి. పంటతోనో నీళ్లతోనో మాట మొదలుపెట్టండి. ఎందుకు వచ్చారో దాచకుండా చెప్పి, ఒప్పుకున్నవారినే అడగండి, రాతలో పేర్లు మార్చండి. పథకం ఇప్పిస్తారేమోనన్న ఆశతో మాట్లాడేవారు తప్పక ఉంటారు, మీరు పథకం ఇప్పించలేరని వారికి ముందే స్పష్టం చేయడం మీ బాధ్యత. విన్నది ఆ రాత్రే రాయండి, రాతప్రతులను వేర్వేరు చోట్ల దాచండి. సమాజశాస్త్రవేత్త ఎం.ఎన్. శ్రీనివాస్ 1948లో మైసూరు ప్రాంతంలోని ఒక గ్రామంలో సేకరించిన వివరాలతో సిద్ధం చేసుకున్న నోట్సు, 1970లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో ఆయన గదికి నిప్పు పెట్టడంతో కాలిపోయింది; ప్రతులన్నీ ఒక్కచోటే ఉండటమే అంత నష్టానికి కారణం.

సమాచారాన్ని సరిచూడటం నేర్చుకోవాలంటే ఉపాధి హామీ పథకం రికార్డులకు మించిన పాఠం లేదు. 2006 ఫిబ్రవరి 2న ఆ పథకం మొదలైంది అనంతపురం జిల్లా నార్పల మండలం బండ్లపల్లెలోనే. మస్టర్లలోని (కూలీల హాజరు పట్టికల్లోని) పేర్లను ఇంటింటికీ తిరిగి సరిచూసే సామాజిక తనిఖీని ఆంధ్రప్రదేశ్ పెద్ద ఎత్తున నడిపింది. కాగితానికీ మనిషి మాటకూ తేడా వచ్చినప్పుడు ఏం చేయాలో ఆ పద్ధతి చూపిస్తుంది. దీనితోపాటు ఎక్సెల్‌లో పట్టికలు వేయడం, వీలైతే ఎస్‌పీఎస్‌ఎస్ అనే గణాంకాల సాఫ్ట్‌వేర్ వాడటం డిగ్రీ పూర్తయ్యేలోపే నేర్చుకోవాలి.

ఇక దారుల విషయం. సివిల్స్ మెయిన్స్‌లో సోషియాలజీని ఆప్షనల్‌గా తీసుకుంటే రెండు పేపర్లకు 500 మార్కులు; ఏపీపీఎస్సీ 2023 గ్రూప్-2 నోటిఫికేషన్ ప్రకారం స్క్రీనింగ్ పరీక్షలోని 150 మార్కుల్లో 30 భారతీయ సమాజానివి. అధ్యాపక వృత్తి కావాలంటే పీజీ తర్వాత నెట్ లేదా ఏపీసెట్ అనే అర్హత పరీక్ష రాయాలి, అయితే పోస్టులు తక్కువ కాబట్టి దాని మీదే ఆశ పెట్టుకోవడం నా దృష్టిలో ప్రమాదం. మనుషులతో నేరుగా పనిచేయడం ఇష్టమైనవారికి సోషల్ వర్క్‌లో పీజీ అయిన ఎం.ఎస్.డబ్ల్యూ. మంచి మలుపు. సర్వే సంస్థలు, కంపెనీల సామాజిక బాధ్యత విభాగాలు, 1969 నుంచి అనంతపురం కేంద్రంగా పనిచేస్తున్న ఆర్‌డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) వంటి స్వచ్ఛంద సంస్థలు క్షేత్రానుభవాన్ని అడుగుతాయి. అలాంటి ఇంటర్వ్యూకు మార్కుల జాబితాతో పాటు మీ ప్రాజెక్టు నివేదికను, అందులో మీరు తయారు చేసిన ప్రశ్నావళిని కూడా వెంట తీసుకెళ్లండి. ఏ ప్రశ్నకు ఊరివాళ్లు జవాబు చెప్పలేదో, దాన్ని మీరు ఎలా మార్చుకున్నారో అడిగితే చెప్పడానికి సిద్ధంగా ఉండండి.