ఏ డిస్కు కొనాలి: హెచ్‌డీ ఫార్మాట్లలో ప్రింటు నాణ్యతను, పెట్టిన డబ్బుకు దక్కే విలువను బేరీజు వేసుకునే పద్ధతి

ఇంట్లో సినిమా చూడడానికి డిస్కులు కొనేవారిలో చాలామంది పెట్టె మీద ఉన్న ఫార్మాటు పేరు చూసి, కొత్త ఫార్మాటు అయితే ప్రింటు కూడా మెరుగ్గానే ఉంటుందన్న నమ్మకంతో డబ్బు పెడతారు. ఆ నమ్మకం సగమే నిజం. డిస్కులో ఎంత సమాచారం పడుతుందో ఫార్మాటు నిర్ణయిస్తుంది. తెర మీద ఏం కనిపిస్తుందో మాత్రం ఆ సినిమాను దేని నుంచి స్కాన్ చేశారు, ఎంతవరకు శుభ్రం చేశారు, ఎంత జాగ్రత్తగా ఎన్‌కోడ్ చేశారు (డిస్కులో పట్టేలా కుదించారు) అన్నవాటిని బట్టి ఉంటుంది. అందువల్ల ఒకే సినిమాకు వచ్చిన రెండు విడుదలలను పక్కపక్కన పెట్టి చూసుకోవడమే సరైన పోలిక. ఆ పని ఎలా చేయాలో ఇక్కడ వివరిస్తాను.

ముందుగా హెచ్‌డీ డీవీడీ, బ్లూ-రే అనే రెండు ఫార్మాట్ల మధ్య జరిగిన పాత పోటీ సంగతి కొంత తెలుసుకోవాలి, ఎందుకంటే ఈ విషయంలో అంతకన్నా మంచి ఉదాహరణ మరొకటి లేదు. తోషిబా ముందుండి నడిపించిన హెచ్‌డీ డీవీడీ 2006 మార్చి చివర్లో జపాన్‌లో, ఏప్రిల్‌లో అమెరికాలో అమ్మకానికి వచ్చింది. సోనీ, పానసోనిక్ తదితర సంస్థలు వెనుక నిలిచిన బ్లూ-రే ఆ జూన్‌లో అమెరికా మార్కెట్లో అడుగుపెట్టింది. రెండూ 405 నానోమీటర్ల నీలి-ఊదా లేజర్‌నే వాడతాయి. డీవీడీ వాడేది 650 నానోమీటర్ల ఎర్ర లేజర్. తేడా అంతా కటకంలోనూ, సమాచారం ఉన్న పొర లోతులోనూ ఉంది. హెచ్‌డీ డీవీడీలో ఆ పొర, డీవీడీలో లాగే, ఉపరితలానికి 0.6 మిల్లీమీటర్ల లోపల ఉంటుంది. బ్లూ-రేలో అది 0.1 మిల్లీమీటరు లోతులోనే ఉంటుంది కనుక మరింత సన్నని లేజర్ చుక్కతో చదవడం సాధ్యమైంది. అందుకే బ్లూ-రేలో ఒక్కో పొరకు 25 జీబీ పడితే, హెచ్‌డీ డీవీడీలో 15 జీబీయే పట్టింది. అయితే హెచ్‌డీ డీవీడీని ఉన్న డీవీడీ కర్మాగారాల్లోనే కొద్దిపాటి మార్పులతో తయారు చేయగలిగారు, బ్లూ-రేకు కొత్త యంత్రాలతో పాటు గీతలు పడకుండా గట్టి పైపూత కూడా అవసరమైంది.

కాగితం మీద చూస్తే బ్లూ-రేదే పైచేయి. మొదటి నెలల్లో తెర మీద జరిగింది వేరు. తొలి బ్లూ-రేలలో చాలావాటిని 25 జీబీల ఒంటిపొర డిస్కు మీద, బొమ్మను కుదించే పాత పద్ధతి (కోడెక్) ఎంపెగ్-2తో విడుదల చేశారు. హెచ్‌డీ డీవీడీలు 30 జీబీల జంటపొర డిస్కు మీద, తక్కువ చోటులో ఎక్కువ వివరం ఇమడ్చగల వీసీ-1 కోడెక్‌తో వచ్చాయి. ఫలితంగా హెచ్‌డీ డీవీడీ బొమ్మ నిండుగా కనిపించింది, బ్లూ-రే వెలవెలబోయింది. తర్వాత 50 జీబీల డిస్కులు, హెచ్.264 కోడెక్ వాడకంలోకి వచ్చాక బ్లూ-రే కోలుకుంది. రెండు ఫార్మాట్లలోనూ సినిమాలు విడుదల చేసిన వార్నర్ సంస్థ చాలా సినిమాలకు ఒకే వీసీ-1 ఎన్‌కోడింగ్‌ను రెండింటి మీదా పెట్టింది. ఆ డిస్కుల మధ్య కంటికి తేడా దొరకక వాదులాడుకున్నవారిని చూస్తే ఇప్పటికీ నవ్వొస్తుంది, ఎందుకంటే అక్కడ వెతకడానికి తేడా అంటూ ఏమీ లేదు. 2008 జనవరి 4న ఆ సంస్థ బ్లూ-రే వైపే ఉంటామని ప్రకటించింది, ఫిబ్రవరి 19న తోషిబా హెచ్‌డీ డీవీడీని ఆపేస్తున్నట్టు చెప్పింది. అలా ముగిసిన పోటీలో గెలుపోటములు తేల్చింది స్టూడియోల మద్దతు, సోనీ వారి ఆటల యంత్రం ప్లేస్టేషన్ 3లో బ్లూ-రే డ్రైవ్ ఉండడం వంటి కారణాలే గాని ప్రింటు నాణ్యత కాదు.

చోటు ఎప్పుడు నిజంగా అక్కరకొస్తుందో చిన్న లెక్కతో తేల్చుకోవచ్చు. సినిమా నిడివిని సెకన్లలోకి మార్చి, డిస్కు పరిమాణాన్ని 8తో గుణించి గిగాబిట్లలోకి తెచ్చి, రెండో సంఖ్యను మొదటిదానితో భాగిస్తే సెకనుకు సగటున ఎంత సమాచారం దక్కుతుందో తెలుస్తుంది. రెండు గంటల సినిమా అంటే 7,200 సెకన్లు. 30 జీబీ అంటే 240 గిగాబిట్లు. సెకనుకు 33 మెగాబిట్లు వస్తుంది, ఇది హెచ్‌డీ డీవీడీ బొమ్మకూ శబ్దానికీ కలిపి అనుమతించిన సుమారు 30 మెగాబిట్ల పరిమితిని ఇప్పటికే దాటింది. అంటే ఆ సినిమాకు చోటు కొరత లేదు. అదే మూడు గంటల సినిమాకు 22 మెగాబిట్లకు పడిపోతుంది, కుదించినా నాణ్యత తగ్గని శబ్దపు ట్రాకును, అదనపు కార్యక్రమాలను కూడా అందులోనే ఇరికించాలి; 50 జీబీల బ్లూ-రే అయితే 37 మెగాబిట్ల వరకు ఇస్తుంది. కాబట్టి పొడవైన సినిమా అయినా, వాన, పొగ, జనసందోహం ఎక్కువగా ఉన్న సినిమా అయినా పెద్ద డిస్కు వైపు మొగ్గడం న్యాయమే. గంటన్నర సంభాషణల సినిమాకు ఆ మొగ్గు అక్కర్లేదు.

ఇక పోల్చి చూసే పద్ధతి. రెండు విడుదలలనూ ఒకే టీవీ మీద, వీలైతే ఒకే ప్లేయర్‌తో, ఒకే హెచ్‌డీఎంఐ పోర్టు ద్వారా చూడాలి. ఈ చివరి మాటను తేలిగ్గా తీసుకోకూడదు. చాలా టీవీలు ఒక్కో పోర్టుకు విడివిడిగా పిక్చర్ సెట్టింగులను గుర్తుంచుకుంటాయి. నేను ఒకప్పుడు రెండు ప్లేయర్లను రెండు పోర్టులకు తగిలించి, ఒక డిస్కు ప్రింటు రెండోదానికన్నా ఎంతో మిన్న అని రెండు వారాల పాటు కనబడినవారందరికీ చెప్పాను. తర్వాత చూస్తే ఒక పోర్టు సినిమా మోడ్‌లోనూ, రెండోది కళ్ళు జిగేలుమనిపించే వివిడ్ మోడ్‌లోనూ ఉన్నాయి. డిస్కుల్లో ఉన్నది ఒకే ప్రింటు. అందుకే మొదలుపెట్టే ముందు టీవీలో సినిమా మోడ్ లేదా ఫిల్మ్‌మేకర్ మోడ్ ఎంచుకొని, నాయిస్ తగ్గించే సదుపాయాన్ని, కదలికలను నున్నగా చేసే సదుపాయాన్ని ఆపివేసి, షార్ప్‌నెస్‌ను బాగా తగ్గించి, బొమ్మ అంచులు కత్తిరింపుకు గురికాకుండా చూసే ఐచ్ఛికాన్ని ఎంచుకోవాలి. ప్లేయర్‌లో సెకనుకు 24 ఫ్రేములు పంపే సెట్టింగును ఆన్ చేయాలి. నలుపు స్థాయి ప్లేయర్‌లోనూ టీవీలోనూ ఒకే రకంగా ఉండాలి. ఒకటి పరిమిత శ్రేణి (లిమిటెడ్), రెండోది పూర్తి శ్రేణి (ఫుల్) అయితే నలుపు బూడిద రంగులోకి తేలిపోతుంది, లేదా నీడల్లోని వివరమంతా మాయమవుతుంది.

తర్వాత మూడు రకాల సన్నివేశాలు ఎంచుకొని, వాటి సమయాన్ని నిమిషాలు, సెకన్లతో రాసిపెట్టుకోవాలి. మొదటిది చీకటి సన్నివేశం: ఒకే దీపం వెలుగుతున్న గదిలో పాత్ర వెనుకనున్న గోడను చూడండి. మంచి ఎన్‌కోడింగులో ఆ వెలుగు గోడ మీద క్రమంగా పలచబడి చీకట్లో కలిసిపోతుంది. నాసిరకం దానిలో దీపం చుట్టూ మెట్లు మెట్లుగా వలయాలు పడతాయి, గోడ మూలల్లో గళ్ళు గళ్ళుగా మరకలు కదులుతుంటాయి. రెండోది పగటి వెలుగులో ముఖం దగ్గరి షాట్. చెంపల మీద చర్మ రంధ్రాలు, కనుబొమల్లో విడివిడి వెంట్రుకలు కనిపించాలి. ముఖం మైనపు బొమ్మలా నున్నగా ఉండి, తల కదిలినప్పుడు చర్మం ఒక క్షణం ఆలస్యంగా కదిలినట్టు అనిపిస్తే ఎవరో ఫిల్మ్ గ్రెయిన్‌ను, అంటే ఫిల్మ్‌లో సహజంగా ఉండే సన్నని రేణువులను తుడిచేసి, దానితో పాటే వివరాన్నీ తుడిచేశారని అర్థం. భుజం అంచున ఆకాశం పక్కన సన్నని తెల్లటి గీత కనిపిస్తే కృత్రిమంగా పదును పెట్టారన్నమాట. మూడోది వాన, నీళ్ళు, ఎగిరే దుమ్ము వంటివి తెర నిండా ఉన్న సన్నివేశం. సెకనుకు దక్కే సమాచారం (బిట్‌రేట్) చాలకపోతే ముందు ఇక్కడే బయటపడుతుంది. ప్రతిదాన్నీ ఒకసారి ఆపి, మరోసారి ఆడుతుండగా చూడాలి. ఆపినప్పుడు కనిపించే లోపం ఆడుతున్నప్పుడు మీరు రోజూ కూర్చునే చోటు నుంచి కనిపించకపోతే దానికి పెద్దగా విలువ ఇవ్వనక్కర్లేదు. డిస్కులు మార్చే పని ఇంట్లో మరొకరికి అప్పగించి, ఏది ఏదో తెలియకుండా చూస్తే మరీ మంచిది.

ఫిల్మ్ గ్రెయిన్ విషయంలో ఒక మాట. తెర మీద కదలాడే సన్నని రేణువులను చూసి ప్రింటు పాడైందనుకుంటారు చాలామంది. ఫిల్మ్ మీద తీసిన సినిమాకు ఆ రేణువులే బొమ్మ; అవి లేని 35 మిల్లీమీటర్ల సినిమా కనిపిస్తే నేను ముందు ఆ డిస్కునే అనుమానిస్తాను.

ఈ రోజుల్లో కొనుగోలుదారు ముందున్న అసలు ఎంపిక బ్లూ-రేకూ, 2016లో వచ్చిన అల్ట్రా హెచ్‌డీ బ్లూ-రేకూ మధ్యనే. డీవీడీ చిత్రం 720×480 లేదా 720×576, బ్లూ-రేది 1920×1080, అల్ట్రా హెచ్‌డీది 3840×2160. చుక్కల సంఖ్య నాలుగింతలు పెరిగినంత మాత్రాన అది కంటికి అందుతుందని చెప్పలేం. మామూలు చూపు ఉన్న మనిషికి 1080 వరసల బొమ్మలో చుక్కలు విడివిడిగా తెలిసే దూరం తెర ఎత్తుకు సుమారు 3.2 రెట్లు. 55 అంగుళాల టీవీ తెర ఎత్తు 68 సెంటీమీటర్ల పైచిలుకు ఉంటుంది. అంటే దాదాపు 2.2 మీటర్లకన్నా వెనక కూర్చుంటే బ్లూ-రే ఇచ్చే వివరాన్నే కన్ను పూర్తిగా వాడుకోలేదు. అల్ట్రా హెచ్‌డీలో నాకు ఎక్కువ నచ్చేది చుక్కల సంఖ్య కన్నా వెలుగునీడల పరిధి. బ్లూ-రే ఒక్కో రంగుకు 8 బిట్లు, అంటే 256 స్థాయిలు ఇస్తే, అల్ట్రా హెచ్‌డీ 10 బిట్లతో 1,024 స్థాయిలు ఇస్తుంది. హెచ్‌డీఆర్ (మిరుమిట్ల వెలుగునూ ముదురు నీడనూ ఒకే బొమ్మలో చూపే పద్ధతి), విస్తృత రంగుల శ్రేణి కూడా తోడవుతాయి. ఇందాకటి దీపం వెనుక గోడ ఈ ఫార్మాటులోనే బాగా ప్రాణం పోసుకుంటుంది. అయితే టీవీకి తగినంత వెలుగు లేకపోతే హెచ్‌డీఆర్ బొమ్మ మసకబారినట్టు కనిపించి, పాత బ్లూ-రేయే నయమనిపిస్తుంది. కొన్ని టీవీలలో ఆ పోర్టుకు ప్రత్యేకంగా హెచ్‌డీఎంఐ మెరుగుదల సెట్టింగు ఆన్ చేస్తే గాని హెచ్‌డీఆర్ అందదన్న సంగతి కూడా గుర్తుపెట్టుకోవాలి.

విలువ తేల్చేటప్పుడు సినిమా పుట్టుకను చూడండి. 35 మిల్లీమీటర్ల ఫిల్మ్ మీద తీసి, అసలు నెగటివ్‌ను ఇటీవల 4కే (అల్ట్రా హెచ్‌డీ స్థాయి)లో స్కాన్ చేసినదైతే అల్ట్రా హెచ్‌డీ డిస్కుకు ఎక్కువ చెల్లించడం సబబే. 2000 తర్వాతి సినిమాల్లో ఎన్నో 2కే (దాదాపు బ్లూ-రే) స్థాయిలో ముగింపు పనులు జరుపుకొన్నాయి. వాటి 4కే డిస్కు అంటే పెంచిన బొమ్మే, దక్కే లాభం హెచ్‌డీఆర్ వరకే. తొలితరం డిజిటల్ కెమెరాలతో 1920×1080లోనే తీసినవాటికి మంచి బ్లూ-రే చాలు. పెట్టె మీద రీమాస్టర్ (కొత్తగా శుభ్రం చేసి తయారు చేసినది) అన్న మాట ఒక్కదాన్నే నమ్మకుండా, ఏ మూలం నుంచి, ఎప్పుడు స్కాన్ చేశారో వివరం దొరుకుతుందేమో చూడాలి. ఒకే సినిమాకు వచ్చిన కొత్త బ్లూ-రే, అదే కొత్త స్కాన్ నుంచి తయారైతే, పాత బ్లూ-రేకన్నా ఎంతో బాగుండి, 4కే డిస్కుకు చాలా దగ్గరగా వస్తుంది. తక్కువ ఖర్చులో ఎక్కువ ఫలితం ఇచ్చేది తరచుగా ఇదే. బ్లూ-రేకు, ఒక ప్రాంతపు డిస్కు మరో ప్రాంతపు ప్లేయర్‌లో ఆడకుండా ఆపే ఏ, బీ, సీ అనే ప్రాంతీయ కోడ్‌లు ఉంటాయి, అల్ట్రా హెచ్‌డీకి ఆ బెడద లేదు. అల్ట్రా హెచ్‌డీ ప్లేయర్ పాత బ్లూ-రేలనూ డీవీడీలనూ ఆడిస్తుంది. బ్లూ-రే ప్లేయర్‌లో అల్ట్రా హెచ్‌డీ డిస్కు ఆడదు.

చవగ్గా కనిపించే వాడిన హెచ్‌డీ డీవీడీల జోలికి వెళ్ళాలా అంటే, ఆ విడుదల మరే ఫార్మాటులోనూ రాకపోతే తప్ప వద్దంటాను. మామూలు బ్లూ-రే ప్లేయర్ వాటిని చదవలేదు, వాటి ప్లేయర్ల తయారీ ఎప్పుడో ఆగిపోయింది, డిస్కుల్లో కొన్ని లోపలి పొర చెడిపోయి ఆగిపోతున్నాయి కూడా.

కొన్న డిస్కును తిరిగి ఇచ్చే గడువు లోపలే మొదటి నుంచి చివరి వరకు ఒకసారి ఆడించి చూసుకోవడం అవసరం, మూడు పొరలున్న 100 జీబీల అల్ట్రా హెచ్‌డీ డిస్కుల విషయంలో మరీను. ఒకచోట బొమ్మ ఆగిపోతే ఆ సెకనును రాసుకొని, డిస్కును మెత్తని గుడ్డతో మధ్య నుంచి అంచు వైపు తిన్నగా తుడిచి, మళ్ళీ పెట్టండి. అదే సెకను దగ్గర మళ్ళీ ఆగితే మరో ప్లేయర్‌లో చూడండి. అక్కడా ఆగితే లోపం డిస్కుదే కాబట్టి, రాసుకున్న ఆ సమయాన్ని జతచేసి వెనక్కి పంపండి.